ఆకాశం అప్పగింత

ఇందుమతి బ్యాగు మంచం మీద తెరిచి పెట్టుకుని, మూడు నెలలకు కావలసినవి ఒక్కొక్కటే సర్దుకుంటోంది. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాను. కాటన్ కుర్తాలు, పలచటి శాలువా, తలనొప్పి మాత్రలు, హెడ్‌సెట్‌కి తొడిగే మెత్తటి చెవిదిండ్లు. వాటి మధ్య బెల్లం ఆవకాయ సీసా దూర్చాను. ఆమె తీసి బల్ల మీద పెట్టింది. నేను మళ్ళీ పెట్టాను.

"నూనె కారిందంటే బట్టలన్నీ పోతాయత్తయ్యా."

"కవరు మీద కవరు చుట్టేను. కారదు."

"అక్కడ క్యాంటీన్ ఉంది."

"క్యాంటీన్లో ఆవకాయ ఉంటాదేటి?"

నవ్వి ఊరుకుంది. తొమ్మిదేళ్ళ కిన్నెర తల్లి పక్కనే కూర్చుని, సర్దిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఎప్పుడొస్తావని అడిగింది. కార్తీక పౌర్ణమికి ఇంట్లో ఉంటానని ఇందు చెప్పింది. మా అబ్బాయి సోమశేఖర్ కింద కారు దగ్గర నిలబడి ఉన్నాడు. పైకి రాలేదు. భార్యాభర్తలు సరిగ్గా మాట్లాడుకుని వారం అయింది.

నా కోడలు నీలంపేట విమానాశ్రయంలో కంట్రోలర్. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు, మధ్యలో రన్‌వే. ఏ విమానం ఎంత ఎత్తులో రావాలో, ఏది ఆగాలో, ఏది దిగాలో చెప్పడం ఆమె పని. రాడార్ తెర మీద చుక్కలు అందరికీ కనిపిస్తాయి. కాసేపటికి ఏ చుక్క ఎక్కడ ఉంటుందో మాత్రం కుర్చీలో కూర్చున్న మనిషి తలలోనే ఉంటుంది. దాన్ని వాళ్ళు బొమ్మ అంటారు. బొమ్మ చెదిరితే అంతే సంగతులు.

అందుకే నీలంపేటలో కుర్చీ అప్పగించడానికి ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్ళు ముందు కూర్చున్నవాళ్ళ వెనక నిలబడి చూస్తారు, వింటారు. తరువాత ఆకాశంలో ఉన్న ప్రతి విమానాన్నీ పేరుపెట్టి, అది ఎక్కడుందో, ఎటు పోతోందో చెప్పాలి. ఒక్కటి వదిలేసినా మళ్ళీ మొదటికే. అన్నీ చెప్పాక "ఆకాశం నాది" అనాలి. కూర్చున్నవాళ్ళు "నీది" అన్నాకే లేవాలి. అక్కడ అందరికీ పెద్దవాడైన పట్నాయక్ గారు పెట్టిన పద్ధతి అది. సొంత కూతురి పెళ్ళినాడు కూడా, డ్యూటీ మార్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఒక విమానం మరిచాడని మొత్తం మళ్ళీ చెప్పించాడట. మండపంలో వియ్యంకులు ఆయన కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

అలా అప్పగించి వచ్చిన రోజు ఇందు తేలిగ్గా ఉండేది. ఇల్లు చేరేసరికి ఒక్క విమానం కూడా గుర్తుండదని చెప్పేది. అన్నం తిని, కూతురితో గవ్వలాడి, హాయిగా నిద్రపోయేది.

ఒక వానాకాలం రాడార్ చెడిపోయింది. దానికి కావలసిన భాగం కోసం పట్నాయక్ గారు రాసిన ఉత్తరాలకు జవాబులు వచ్చాయి గాని, ఆ భాగం రాలేదు. ఆ వానాకాలమంతా కంట్రోలర్లు రేడియోలో పైలట్ల గొంతులు విని, కళ్ళు మూసుకుని బొమ్మ కట్టుకునేవారు. ఇందుకి నుదుటి మీది జుట్టు నెరిసింది అప్పుడే. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మా అబ్బాయి అది చూస్తూ ఊరుకోలేకపోయాడు. తల లోపలి బొమ్మను ఉన్నదున్నట్టుగా ఇంకో తలకి అందించే పరికరం తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. సన్నటి తీగల వలలా ఉంటుంది, తలకి తొడుక్కోవాలి. అందరూ టోపీ అనే పిలిచేవారు.

దాన్ని మొదట పరీక్షించింది నామీదే. వంటింట్లో ఒక పొయ్యి మీద పులుసు, ఒక పొయ్యి మీద పాలు, కుక్కర్లో పప్పు, పెనం మీద అప్పడం. సోము నా తలకొక టోపీ, హాల్లో వంటింటికి వీపు పెట్టి కూర్చున్న ఇందు తలకొకటి పెట్టాడు. నేను ఒక్క మాటా చెప్పలేదు. ఆమె చటుక్కున లేచి వచ్చి, పొంగబోతున్న పాల కింద మంట తగ్గించింది. అప్పడం తిరగేసింది. "పులుసులో ఇంకా బెల్లం వెయ్యలేదు కదా," అంది. నేనా, స్టూలు మీద కూర్చుండిపోయాను. పెళ్ళయిన నాటి నుంచి తలలో ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంది. అది ఆ పూట లేదు. పాలు నావి కావు, పప్పు నాది కాదు. అంత సుఖం నేను అంతకుముందు ఎరగను. సోము నా మొహం చూసి, యంత్రం పనిచేసిందని అప్పుడు నమ్మాడు.

లాబ్‌లో పరీక్షలన్నీ అంత సాఫీగా జరగలేదు. తారకేశు అనే యువ కంట్రోలర్ అప్పగింత పూర్తికాకముందే టోపీ లాగేసుకున్నాడు. ఒక విమానం ఇటూ కాక, అటూ కాక అతని తలలో ఉండిపోయింది. నెల పైగా అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, పైకప్పు వైపు చూసి, దానికోసం వెతుక్కునేవాడు. తరువాత నెమ్మదించింది. అది చూసి భయపడి సోము టోపీకి ఒక తాళం పెట్టాడు. వచ్చిన మనిషి అన్ని విమానాలూ ఒప్పజెప్పి తీసుకుంటేనో, పైనున్నవన్నీ దిగితేనో తప్ప అది వదలదు. తాళంలో ఆ రెండు మాటలూ ఉండి తీరాలని పట్నాయక్ గారు పట్టుబట్టారు. మన పద్ధతినే యంత్రంలో పెట్టాడని మురిసిపోయారు. నాకూ సంతోషం వేసింది. అందులో ఏదైనా తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ మరుసటి ఏడాది, విమానాల రాకపోకల అదుపును ప్రైవేటు కంపెనీకి ఇవ్వాలా వద్దా అన్న చర్చ వచ్చింది. జిల్లా పరిషత్ మందిరంలో ఒక కమిటీ కూర్చుని అందరి మాటలూ విన్నది. నేనూ కిన్నెరా వెనక వరుసలో కూర్చున్నాం. కాంట్రాక్టు అడుగుతున్నది నభస్సు అనే కంపెనీ. ఒక్కో విమానాశ్రయానికి ఒక్కో టవర్ అనవసరమనీ, నాగపూర్ దగ్గర ఒకే హాలు కట్టి, టోపీల సాయంతో తూర్పు తీరమంతా అక్కణ్ణుంచే నడుపుతామనీ వాళ్ళ ప్రతిపాదన.

పట్నాయక్ గారు లేచి, నీళ్ళు అమ్మారు, రోడ్లకి గేట్లు పెట్టారు, ఆకాశం ఒక్కటే మిగిలిందన్నారు. లాభం చూసుకునేవాడు మొదట మనిషినే తగ్గిస్తాడన్నారు. కంపెనీ తరఫున వచ్చిన సంయుక్త అనే ఆవిడ నెమ్మదిగా, రాడార్ పాడైన వానాకాలం ఎన్ని ఉత్తరాలు రాశారని ఆయన్ని అడిగింది. మా దగ్గరైతే ఆ భాగం సాయంత్రానికి వచ్చేదంది. పట్నాయక్ గారు కూర్చున్నారు. అది నిజమే మరి.

సోము కంపెనీ వైపే మాట్లాడాడు. కాలేజీ లాబ్‌లో టోపీ దుమ్ముకొట్టుకుపోతుందనీ, డబ్బూ తొందరా ఉన్నవాళ్ళ చేతిలోనే అది పనికొస్తుందనీ అతని వాదన. బయటికి వస్తుంటే పట్నాయక్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "మాకు టోపీ పెట్టేవు, వాళ్ళకి తలపాగా చుట్టేవు, ఏటి సోమూ," అన్నారు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

చివర మాట్లాడింది ఇందు. "జీతం ఎవరిచ్చినా కుర్చీలో కూర్చునేది నేనే. కంపెనీ వద్దనను, ప్రభుత్వ శాఖే కావాలనను. నా వెనక ఒక మనిషి ఉండాలి. ప్రతి కుర్చీ వెనకా ఉండాలి. ఆ మనిషిని దండగ ఖర్చు అనకూడదు. అదొక్కటి రాసుకోండి."

రాసుకున్నారు. కంపెనీకి ఇవ్వాలని నిర్ణయం వచ్చినప్పుడు కాగితంలో ఉన్నది మాత్రం తగినంతమంది బదులు సిబ్బంది అని.

ఆ పూట భోజనాల దగ్గర ఇందు పళ్ళెం ముందు పెట్టుకుని, "తగినంత అంటే ఎంత, సోమూ?" అని అడిగింది.

టోపీతో అప్పగింత క్షణంలో అయిపోతుందనీ, వెనక గంటల తరబడి నిలబడే అవసరమే లేదనీ అతను చెప్పాడు.

"క్షణమైనా తీసుకోడానికి ఒక తల ఉండాలి కదా."

"ఉంటుంది. వాళ్ళేం పిచ్చివాళ్ళు కాదు."

"నువ్వు పెట్టిన తాళం నీకు తెలుసు. తీసుకునేవాళ్ళు లేకపోతే అది వదలదు."

"తాళంలో ఆ మాటలు మీ టవర్ వాళ్ళు అడిగితేనే పెట్టాను ఇందూ."

ఆమె చెయ్యి కడుక్కుని లేచిపోయింది. వారం మాటలు లేకపోవడం అక్కణ్ణుంచే. నీలంపేట టవర్ మూసేస్తున్నారు. మూడు నెలలు నాగపూర్ హాల్లో పనిచేస్తే తరువాత వంతులవారీగా ఇంటికి పంపుతామన్నారు. వెళ్ళనంటే ఆమెకి శాఖలో ఇంకో పని దొరికేదే. ఎందుకు వెళ్తున్నావని అడిగాను. టోపీ గురించి తనకంటే తెలిసినవాళ్ళు లేరనీ, తను వెళ్ళకపోతే కుర్ర కంట్రోలర్లు ఒంటరిగా కూర్చుంటారనీ, వెనక మనిషి కోసం అడిగే గొంతు ఒకటి అక్కడ ఉండాలనీ చెప్పింది. కారెక్కే ముందు సోముతో ఏదో అంది. అతను తలూపాడు. నాకు వినపడలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి. ఇందు సాయంత్రం ఫోన్ చేసి, ఆవకాయ హాలంతా పంచిపెట్టానని చెప్పేది. పట్నాయక్ గారు రిటైరవగానే కంపెనీ ఆయన్నీ పిలిచి బదులు మనిషిగా పెట్టుకుంది. ఆయన ఫోన్ చేసి, "వాళ్ళ ఉప్పు తింటూ తిట్టకూడదు కదా చెల్లెమ్మా. డాక్టరు ఎలాగూ ఉప్పు మానెయ్యమన్నాడు, అందుకే తిట్టగలుగుతున్నా," అన్నారు.

విమానాలు వేళకు దిగుతున్నాయి. టిక్కెట్లు చవకయ్యాయి. పత్రికలు మెచ్చుకున్నాయి. చదివి నేనూ గర్వపడ్డాను. దసరా వెళ్ళాక బదులు మనుషుల్ని తగ్గించారు. అప్పగింతకి క్షణమే పడుతున్నప్పుడు ఒక్కో కుర్చీకి ఒకరెందుకని, నాలుగు కుర్చీలకి ఒకరన్నారు. ఇందు సంయుక్త దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆవిడ కసురుకోలేదు, పైవాళ్ళకి రాస్తానంది, రాసింది కూడా. ఆ మాట ఫోన్లో చెప్పి ఇందు, "ఇక్కడా ఉత్తరాలే అత్తయ్యా," అంది.

కార్తీక మాసం మొదట్లో తుఫాను పట్టింది. పొద్దుటి నుంచి చేపల షెడ్ల రేకులు కొట్టుకుంటున్నాయి. నీలంపేట రన్‌వే మూసేశారు. ఆ రోజు మా తీరం కుర్చీలో ఉన్నది ఇందు. తీరానికి రావలసిన విమానాలన్నిటినీ ఆమె లోపలి ఊళ్ళకి మళ్ళించాలి. అక్కడ జరిగింది తరువాత పట్నాయక్ గారు చెబితేనే నాకు తెలిసింది.

ఇందు పక్క కుర్చీలో కుర్రాడికి జ్వరం వచ్చి చేతులు వణికాయి. పట్నాయక్ గారు అతని ఆకాశం తీసుకున్నారు. తీసుకున్నాక ఆయన్ని విడిపించేవాళ్ళు లేరు. నాలుగు కుర్చీలకి ఉన్న ఒక్క బదులు మనిషి తనే ఒక కుర్చీలో చిక్కుకుపోయారు. సెలవులో ఉన్నవాళ్ళని సంయుక్త పిలిపించింది. దారిలో కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి, వాళ్ళు రాలేకపోయారు.

మందులు తీసుకుని నీలంపేట బయలుదేరిన చిన్న సరుకు విమానం ఒకటి అప్పటికి సముద్రం మీద ఉంది. అందులో ఇద్దరు పైలట్లు. ఇందు దాన్ని వెనక్కి తిప్పింది. తిరుగుతుండగా చుక్క మాయమైంది. ఆమె పిలిచింది, పలకలేదు. కొండ చాటున ఉందేమో, రేడియో చెడిందేమో. మిగతావి వరసగా ఆమె మీద పడుతున్నాయి. వాటిని చూసుకుంటూ మధ్యమధ్య దాన్ని పిలుస్తూనే ఉంది. వెనక ఎవరైనా నిలబడి ఉంటే ఆ చుక్క పోవడం ఆమెతోపాటు చూసేవారు. అది పడిపోయిందమ్మా అని అప్పుడే, ఆ క్షణంలోనే చెప్పేవారు. చెప్పేవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికి ఆమె పిలిచిన ప్రతి విమానమూ ఎక్కడో ఒకచోట క్షేమంగా దిగింది, ఆ ఒక్కటి తప్ప. పట్నాయక్ గారి ఆకాశం ఖాళీ అయ్యి ఆయన టోపీ వదిలింది. ఆయన వచ్చి ఇందు వెనక నిలబడి ఆమె బొమ్మ అందుకోబోయారు. తెర మీద ఏమీ లేదు. బొమ్మలో మాత్రం, పంక్తిలో ఇంకా రాని మనిషికి విస్తరి వేసి ఉంచినట్టు, ఒకచోట ఖాళీ ఉందట.

"ఆకాశం నాదమ్మా," అన్నారాయన.

"ఒకటి చెప్పలేదు సార్," అంది ఇందు.

"అది దిగిపోయింది తల్లీ."

"ఏ రన్‌వే మీద?"

ఎక్కడుందో తెలియనిదాన్ని ఒప్పజెప్పడానికి లేదు; ఏదో ఒక ఊరి పేరు చెబితే ఆమె నమ్మేది, తాళం వదిలేది. "అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది చెల్లెమ్మా," అని ఆయన మా వరండాలో కూర్చుని చెప్పారు. "బతుకంతా ఆ కుర్చీ వెనకాల లేనిది ఉందనలేదు, ఉన్నది లేదనలేదు. నోరు రాలేదు. నా తడబాటు చూసి ఆ పిల్ల మళ్ళీ తెర వైపు తిరిగిపోయింది."

సోము కారులో బయలుదేరి, కూలిన చెట్లు తప్పించుకుంటూ మర్నాడు సాయంత్రానికి హాలు చేరాడు. ఇందు కుర్చీలోనే ఉంది. డాక్టరు ఆమె చేతికి సెలైన్ పెట్టించాడు. కరెంటు ఆపి టోపీ తీసెయ్యమని కొందరన్నారట. తారకేశు ఒక చిన్న పరీక్షకే ఏమయ్యాడో తెలిసిన సంయుక్త, సోము వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మూసిన ఆకాశంలోకి ఇందు అదే పిలుపు, అదే నెమ్మది గొంతుతో పిలుస్తోంది.

సోము ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని నిజం చెప్పాడు. విమానం సముద్రంలో పడిపోయిందన్నాడు.

"దొరికిందా?"

"లేదు. వెతుకుతున్నారు."

"దొరక్కుండా దిగిందని ఎలా అంటాను?"

"ఇంధనం నిన్ననే అయిపోయి ఉంటుంది ఇందూ. నీకు తెలుసు."

"తెలుసు," అంది. "అయినా ఎవరో ఒకరు వింటూ ఉండాలి కదా, సోమూ."

అతను ఇంకో రోజు ఆగాడు. పడవలు వెతికాయి, ఏమీ దొరకలేదు. విమానం దొరికితే తాళం దానంతట అదే తెరుచుకుంటుందని చివరిదాకా ఆశపడ్డాడు. ఆమె గుండె బలహీనపడుతోందని, ఇంక ఆగడానికి లేదని డాక్టరు చెప్పాక, తను కట్టిన తాళాన్ని తనే విప్పి టోపీ తీశాడు. తీసేముందు నాకు ఫోన్ చేశాడు. ఏం చెయ్యమంటావమ్మా అని అడిగాడు. తియ్యి నాయనా అన్నాను. ఇంకేం చెప్పగలను.

టోపీ తీశాక ఆమె సోము మొహం చూసింది గాని ఎవరో పోల్చుకోలేదు. అతని భుజం మీదుగా పైకి చూస్తూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న ప్రాణం పోయింది. మా ఊళ్ళోకి ఇంకా దారి పడలేదు. దహనం అక్కడే చేశారు.

తరువాత కమిటీ మళ్ళీ కూర్చుంది. లాభం కోసం మనిషిని తగ్గించి కంపెనీ ఆమెని చంపిందని ఉద్యోగుల సంఘం అన్నది. శాఖవాళ్ళ పాత పద్ధతిని యంత్రంలో పెట్టమని పట్టుబట్టినందుకే ఇలా అయిందని కంపెనీ అన్నది. సోముని పిలిచి ఏది నిజమని అడిగారు. రెండూ నిజమేనని, తాళం చేసింది తనేనని చెప్పి వచ్చేశాడు. తీరం వెంట టవర్లు మళ్ళీ తెరవాలా, హాలునే బాగుచెయ్యాలా అన్న వాదన ఇంకా సాగుతోంది. రెండు పక్షాలవాళ్ళూ తమ కాగితాల మీద నా కోడలి ఫోటో వేసుకుంటున్నారు. కిన్నెర వాటిని చూడకుండా దాచడం నా పని.

ఆ సరుకు విమానం నడిపిన ఇద్దరూ కార్తీక శుద్ధ పంచమి, సోమవారం నాడు వెళ్ళారు, తిరిగి రాలేదు. నా కోడలు ఇందుమతి కార్తీక శుద్ధ అష్టమి, గురువారం నాడు పోయింది. తిరిగి రాలేదు.